బండి కొనేముందు మన నేల మీద తోలి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

నాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. ఇరవై రెండేళ్లుగా మెరక పనులు చేస్తున్నాను. పల్లపు స్థలాలకు బుసక (సన్న ఇసుక మట్టి), గ్రావెల్ తోలించి చదును చేయిస్తాను. పునాదుల మధ్య మట్టి నింపిస్తాను. వేసవిలో కాలువలు కట్టేశాక బోదెల్లో, అంటే పంట పిల్లకాలువల్లో, పూడిక తీయిస్తాను. రెండు ట్రాక్టర్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు వాటితో పాటు ఒక జేసీబీ, ఒక బాబ్‌క్యాట్ ఉన్నాయి. ఈ ఉత్తరం బాబ్‌క్యాట్ అనే ఆ చిన్న లోడరు గురించి.

ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముగ్గురు కుర్రాళ్లు చిన్న లోడరు కొందామనుకుంటున్నామని నా దగ్గరకు వచ్చారు. ఒకతను ఐటీఐ చదివాడు. ఒకతను గల్ఫ్ వెళ్లి వచ్చాడు. మూడో అతను నా దగ్గరే నాలుగేళ్లు ట్రాక్టరు తోలాడు. ముగ్గురూ ముందు అడిగిన మాట ఒకటే: "ఎన్ని హెచ్‌పీ తీసుకోమంటారండీ?" తర్వాత ధర, ఆ తర్వాత నెల వాయిదా. ఏ నేల మీద తోలాలి, ఏ సందులోంచి లోపలికి వెళ్లాలి, ఏ సరుకు ఎత్తాలి అన్నది ఒక్కరూ అడగలేదు. ఎనిమిదేళ్ల కిందట నేనూ అలాగే హెచ్‌పీ చూసుకుని కొన్నాను. నాకేమైందో ఆ ముగ్గురికీ చెప్పాను. మిగతావాళ్లకు కూడా తెలియాలని మీకు రాస్తున్నాను. మా వైపు టీ కొట్టుల్లో మీ పేపరు చేతులు మారుతూ ఉంటుంది. కొనబోయే కుర్రాడు ఒక్కడు చదివినా వాళ్లింట్లో బంగారం తాకట్టుకు వెళ్లకుండా ఆగుతుంది.

మన వైపు మట్టి తవ్వే బండి ఏ కంపెనీదైనా జేసీబీ అన్నట్టే, ఈ చిన్న లోడరు ఎవరు తయారుచేసినా బాబ్‌క్యాట్ అనే అంటాం. దీనికి కారులా స్టీరింగ్ ఉండదు, చక్రాలు పక్కకు తిరగవు. కుడివైపు రెండు చక్రాలు ఒక హైడ్రాలిక్ మోటారు మీద, ఎడమవైపు రెండూ ఇంకో మోటారు మీద నడుస్తాయి. ఒక పక్కవి ముందుకు, ఇంకో పక్కవి వెనక్కు తిప్పితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు టైర్లు నేలను పక్కకు ఈడుస్తాయి. దాని గొప్పతనమంతా అందులోనే ఉంది. మన నేల మీద దానితో పడే అవస్థలు కూడా అక్కడి నుంచే వస్తాయి.

ఆ బండి పుట్టింది ఎక్కడో తెలిస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో లూయిస్ కెల్లర్, సిరిల్ కెల్లర్ అనే అన్నదమ్ములకు ఒక వర్క్‌షాపు ఉండేది. 1957లో ఒక టర్కీ కోళ్ల రైతు వాళ్ల దగ్గరకు వెళ్లాడు. అతని కోళ్ల కొట్టానికి రెండంతస్తులు. పై అంతస్తు మీద కూడా నడవగలిగేంత తేలికగా, స్తంభాల మధ్య తిరగగలిగేంత చిన్నగా ఉండే పెంట ఎత్తే బండి అతనికి కావాలి. అన్నదమ్ములిద్దరూ మూడు చక్రాలతో ఒకటి చేసి ఇచ్చారు. నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉన్న బండి 1960లో వచ్చింది. బాబ్‌క్యాట్ అనే పేరు 1962లో పెట్టారు. అంటే మొదటి నుంచీ అది గట్టి నేల మీద, ఇరుకు చోట తిరగడానికి చేసిన బండి. అనపర్తి, మండపేట వైపు కోళ్ల ఫారాల గచ్చు మీదా, రైసు మిల్లుల యార్డుల్లోనూ అది చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. అదే బండిని సార్వా నాట్ల రోజుల్లో మన చేల పక్కకు తెస్తే ఏమవుతుందో నా చేతి డబ్బు పెట్టి నేర్చుకున్నాను.

నేను బండి చూసింది రాజమండ్రి అవతల, గ్రావెల్ పరిచి రోలరు తొక్కించిన యార్డులో. అమ్మేవాళ్లు కంకర కుప్ప ఎత్తి చూపించారు, ఉన్నచోటే తిప్పి చూపించారు. నేనూ ఎక్కి తోలాను. బొంగరంలా తిరిగింది. 50 హెచ్‌పీ, బరువు 2,800 కిలోలు, 700 కిలోలు ఎత్తుతుంది అన్నారు. అడ్వాన్సు ఇచ్చి వచ్చేశాను.

ఆ ఏడు జూలైలో ముక్కామల అవతల ఒక పెద్దావిడ ఇంటి స్థలం మెరక ఒప్పుకున్నాను. పన్నెండు సెంట్లు, రోడ్డు కంటే మూడడుగులు పల్లం, మూడు పక్కలా చేలు. మొదటి విడత నలభై ట్రక్కుల బుసక పోయించాను. పైపైన ఆరి, కాలికి గట్టిగానే తగిలింది. పక్క చేలో అప్పుడే దమ్ము చేసి నీళ్లు పెట్టారు. అది నా కంటికి కనబడుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఆపరేటరు కుర్రాడు బకెట్ నిండా బుసక ఎత్తుకుని మూలకు తిరగబోయాడు. ముందు కుడి చక్రం పైన ఉన్న బుసకను కోసుకుని కింద నల్లమట్టిలోకి దిగింది. బయటపడదామని వాడు ఎడమకు తిప్పాడు. తిప్పినకొద్దీ టైరు పక్కకు ఈడ్చుకుంటూ తన గుంట తనే పెద్దది చేసుకుంది. "ఆపరా" అని నేను పరుగెత్తేసరికి బండి పొట్ట నేలకు ఆనేసింది. పొట్ట ఆనాక చక్రాలు ఎంత తిరిగినా లాభం లేదు. టైరు గళ్లన్నీ నల్లమట్టితో పూడిపోయి చక్రం నున్నగా, నూనె రాసిన కుండలా తిరుగుతోంది. "దిగిపోయిందండీ" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

రెండు ట్రాక్టర్లు కట్టి లాగాం. ఒక ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి, గొలుసు తెగింది. తెగిన గొలుసు మనిషికి తగలకపోవడం మా అదృష్టం. ఇప్పుడైతే లాగేటప్పుడు ఎవరినీ దరిదాపులకు రానివ్వను. సాయంత్రానికి పక్క చేలోంచి ఊట దిగి గుంటలోకి నీళ్లు రావడం మొదలైంది. ఇంజనులోకి వెళ్తాయేమోనని నాకు ఒకటే టెన్షన్. ఆ పెద్దావిడ తన పని ఆగిపోయిందన్న మాటే ఎత్తలేదు. అందరికీ టీ కాచి తెచ్చి, "మా అత్తగారి రోజుల్లో ఇక్కడే గేదె దిగబడిపోయిందయ్యా, ఇది పాత బోదె పూడిక కదా" అన్నారు. ముందు రోజు నేను ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే చెప్పేవారు. అప్పటి నుంచి ఏ స్థలానికి వెళ్లినా ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతున్నాను. ఇక్కడ ఇదివరకు ఏముండేది, చెరువా, బోదెనా, గడ్డిమేటు వేసిన దిబ్బా అని. రాత్రి తొమ్మిదింటికి కొత్తపేట నుంచి పొక్లెయిన్ తెప్పించి బండిని ఎత్తించాను. ట్రైలర్ బాడుగతో కలిపి 28,000 అయింది. ఆ వానాకాలమంతా బండి షెడ్డులోనే ఉంది, వాయిదా మాత్రం ఏ నెలా ఆగలేదు.

మనసు ఆగక, ఆ తర్వాత ఒక ఆదివారం ఇంటి ముందు గచ్చు మీద బండి నిలబెట్టి, టైర్ల చుట్టూ ముగ్గుపిండి చల్లించాను. బండిని మెల్లగా ముందుకు తీస్తే, పిండి పడని చోట టైరు నేలకు ఆనిన అచ్చు తేలింది. టేపు పెడితే ఒక్కో అచ్చు సుమారు 25 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు. అంటే 300 చదరపు సెంటీమీటర్లు, నాలుగు టైర్లకు కలిపి 1,200. దాని మీద 2,800 కిలోలు. చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల పైమాటే. బకెట్‌లో 700 కిలోలు ఎత్తితే మొత్తం బరువులో నూటికి దాదాపు 70 వంతులు ముందు చక్రాల మీదకు వచ్చేస్తాయి. అప్పుడు ఆ రెండు టైర్ల కింద నాలుగు కిలోల దాకా పడుతుంది. నా బరువు 72 కిలోలు, నడిచేటప్పుడు ఒక పాదం కింద చదరపు సెంటీమీటరుకు పడేది సుమారు మూడోవంతు కిలో. నా కాలికి గట్టిగా తగిలిన బుసక ఆ టైరు కింద ఎందుకు నిలవలేదో అప్పుడు తెలిసింది.

పోయినేడాది భీమవరం దగ్గర ఎండగట్టిన రొయ్యల చెరువులో టైర్లకు బదులు రబ్బరు ట్రాకుల (పొడవాటి పట్టీల) మీద నడిచే లోడరు ఒకటి అడుగు బురద ఎత్తుతుంటే చూశాను. పైన పొర పగుళ్లు ఇచ్చింది కానీ లోపల ఇంకా మెత్తగానే ఉంది. కర్ర గుచ్చితే మూరెడు దిగింది. బండి మాత్రం తాపీగా పని చేసుకుపోతోంది. యజమానిని అడిగి దాన్ని కూడా కొలిచాను. బరువు 3,600 కిలోలు, నా బండి కంటే ఎక్కువ. కానీ ఒక్కో ట్రాకు వెడల్పు 32, నేలకు ఆనే పొడవు 140 సెంటీమీటర్లు. రెండూ కలిపి దాదాపు 9,000 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరు మీద పడేది అర కిలో కూడా కాదు. నేను నడిస్తే పడేంతే. మనిషి చీలమండ దిగకుండా నడవగలిగిన చోట ఆ బండి ఖాళీగా నడుస్తుందని నేను పెట్టుకున్న గుర్తు. బకెట్ నిండితే ముందు భాగం మీద బరువు పెరుగుతుంది కాబట్టి మెత్తటి చోట నిండా ఎత్తకూడదు.

అయితే ట్రాకుల బండే కొనెయ్యమని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అదీ తొందరపాటే అవుతుంది. ఆ బండి ఖరీదు ఎక్కువ. రబ్బరు ట్రాకులు జత ధర టైర్ల సెట్టుకు ఎన్నో రెట్లు. బాగా తోలితే వెయ్యి నుంచి పదిహేను వందల గంటలు వస్తాయి. సిమెంటు రోడ్డు మీద గిర్రున తిప్పే ఆపరేటరు చేతిలో అందులో సగం కూడా రావు. మన నల్లమట్టి ట్రాకు లోపలి రోలర్ల మధ్య ఇరుక్కుని రాత్రికి రాత్రి రాయిలా ఎండుతుంది. రోజూ సాయంత్రం గునపంతో గీకి, పైపుతో నీళ్లు కొట్టి కడగాలి. నీ పని నూటికి ఎనభై వంతులు మిల్లుల్లో, కొబ్బరి డొక్క యార్డుల్లో, గట్టి రోడ్ల మీద ఉంటే టైర్ల బండే మేలు. చేల పక్క మెరకలు, చెరువులు, బోదె గట్లు అయితే టైర్ల జోలికి వెళ్లకు. రెండూ సగం సగం ఉన్నవాళ్లకు మధ్యే మార్గం ఒకటుంది. టైర్ల మీద తొడిగే ఇనప ట్రాకులు దొరుకుతాయి. నేను చివరికి అవే కొన్నాను. మునుపటంత దిగబడటం లేదు. ముందు వెనక టైర్ల మధ్య, లోపలి పక్క కావలసినంత ఖాళీ ఉంటేనే అవి పడతాయి. ఆ సంగతి బండి కొనేటప్పుడే చూసుకోవాలి. వాటితో సిమెంటు రోడ్డు ఎక్కకూడదు.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఒక ఊళ్లో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద, గేటు ముందు, మా కుర్రాడు బండిని రెండుసార్లు ఉన్నచోటే తిప్పాడు. టైర్లు నల్లటి చుట్లు గీసి పైపొర లేపేశాయి. ఊరివాళ్లు వచ్చి తాళం తీసుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, ఎన్నో ఏళ్లు బురదలో నడిచి వేయించుకున్న రోడ్డు అది. మేస్త్రీని పెట్టి బాగు చేయించి ఇచ్చాను. ఇప్పుడు పాత కన్వేయర్ బెల్టు ముక్కలు రెండు ఎప్పుడూ ట్రక్కులో ఉంటాయి. గేటు ముందు అవి పరిచి, దాని మీద ముందుకూ వెనక్కూ తీసుకుంటూ మెల్లగా తిప్పుతాం. కొబ్బరి తోటల్లోనూ అంతే. చెట్టు మొదలు దగ్గర బండి తిప్పితే పైనున్న వేళ్లు నలిగిపోతాయి. వరసల మధ్య తిన్నగా వెళ్లి తిన్నగా వెనక్కు రావాలి.

ఇంక ఎత్తే బరువు. కుర్రాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. కాగితం మీద 700 కిలోలు అని ఉంటే రెండు బండ్లూ ఒకటే అనుకుంటారు. ఆ అంకె ఎలా వేస్తారంటే, బకెట్‌లో బరువు పెంచుకుంటూ పోతే ఒక దగ్గర బండి వెనక లేచి ముందుకు తూలుతుంది. టైర్ల బండికి ఆ తూలే బరువులో సగాన్ని ఎత్తే బరువుగా రాస్తారు. ట్రాకుల బండికి నూటికి 35 వంతులే రాస్తారు. అంటే 700 అని రాసిన టైర్ల బండి 1,400 కిలోల దగ్గర తూలితే, అదే 700 రాసిన ట్రాకుల బండి 2,000 కిలోల దగ్గర తూలుతుంది. అందుకని తూలే బరువు ఎంతో అడగండి. అది కూడా కాగితం మీద ఉంటుంది.

ఆ అంకెను మన సరుకుతో పోల్చి చూసుకోవాలి. నా బండి బకెట్ 0.4 ఘనపు మీటర్లు. పొడి బుసకైతే 600 కిలోల పైచిలుకు, పరవాలేదు. వానకు తడిసిన బుసక ఘనపు మీటరు రెండు టన్నులకు దగ్గరగా తూగుతుంది. బకెట్ నిండితే 760 దాటుతుంది. అంటే వానాకాలంలో ప్రతి బకెట్టూ పరిమితి దాటిన బరువే, అదీ మెత్తటి నేల మీద. ముక్కామలలో జరిగింది అదే. ఇప్పుడు తడి మట్టికి ముప్పావు బకెట్టే అని కుర్రాడికి గట్టిగా చెప్పాను. నాలుగు ట్రిప్పులు ఎక్కువైనా నాకు బాధ లేదు. ఊకకూ డొక్కకూ ఇది తిరగబడుతుంది. అవి తేలిక, చిన్న బకెట్‌తో ఎత్తితే రోజంతా ఎత్తుతూనే ఉండాలి, పెద్ద బకెట్ కావాలి. అక్కడ ఇంకో తలనొప్పి పీచు దుమ్ము. రేడియేటర్‌ను దుప్పటి కప్పినట్టు మూసేస్తుంది. మా బండి ఒక డొక్క యార్డులో మధ్యాహ్నానికే వేడెక్కి ఆగిపోయింది. రెండు గంటలకోసారి గాలి కొట్టించాక మళ్లీ ఆగలేదు. రేడియేటర్ దగ్గరకు చెయ్యి సులువుగా వెళ్తుందో లేదో కొనేముందు వెనక తలుపు తీయించి చూడండి. కడిగి చూపించమని అడగండి.

లోపలికి వెళ్లే దారి గురించి. జేసీబీ ముందు బకెట్ ఏడడుగుల పైన ఉంటుంది, మన సందుల్లో చాలా చోట్ల అది పట్టకే చిన్న బండి పిలుస్తారు. కొలవాల్సింది టైర్ల వెడల్పు కాదు, బకెట్ వెడల్పు. అమలాపురంలో ఒక ఇంటి గేటు ఐదున్నర అడుగులు, నా బకెట్ ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. గేటు బయటే బకెట్ ఊడదీసి, బండిని లోపలికి తోలి, బకెట్‌ను నలుగురం గొట్టాల మీద దొర్లించి లోపలికి తీసుకెళ్లి మళ్లీ తగిలించాం. పావుగంట పట్టింది. బకెట్ పిన్నులు తేలిగ్గా తీసే ఏర్పాటు ఉండబట్టి సరిపోయింది. పైన కూడా చూసుకోవాలి. బకెట్‌ను మోసే బండి చేతులు ఎత్తితే బకెట్ కరెంటు సర్వీసు వైరు దాకా వెళ్తుంది. పల్లెల్లో ఆ వైర్లు ఎంత కిందకు వేలాడుతుంటాయో అందరికీ తెలుసు.

జేసీబీ తనంతట తాను రోడ్డెక్కి పక్క ఊరు వెళ్తుంది. బాబ్‌క్యాట్ గంటకు పది పన్నెండు కిలోమీటర్లకు మించి పోదు, పోయినా టైర్లు అరుగుతాయి. దాన్ని ఎక్కించుకుపోయే బండి కూడా నీకే ఉండాలి, లేదా ప్రతి పనికీ బాడుగ కట్టాలి. నరసాపురం వైపు ఒక పని వచ్చినప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించడమా, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడమా అని లెక్కేసుకుంటే, ఎటు వెళ్లినా రెండు రోజుల పనికి రానుపోను ఖర్చే సగం తినేసేలా ఉంది. ఆ పని వదులుకున్నాను. బోదెల మీద పంచాయతీ వాళ్లు వేసిన పాత పలకలు ఉంటాయి. బండి, ట్రక్కు, ట్రాక్టరు కలిపిన బరువుకు అవి ఆగుతాయో లేదో ముందే దిగి కింద నుంచి చూస్తాను. ఊచ బయటపడితే ఎక్కించను.

చేతులు లేచే తీరు రెండు రకాలు. ఒక రకం విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది. నడుము ఎత్తులో బాగా ముందుకు చాపుతుంది, తవ్వడానికీ నేల చదును చేయడానికీ మంచిది. రెండోది దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది, పైకి వెళ్లాక ముందుకు చాపుతుంది, ట్రక్కు నింపడానికి మంచిది. రోజంతా ట్రాక్టరు ట్రక్కులు నింపేవాళ్లు రెండోది తీసుకోవాలి. పది టైర్ల టిప్పర్లు నింపుదామనుకునేవాళ్లకు మాత్రం ఈ చిన్న బండి అందదు. వాళ్లు ఈ ఆలోచనే మానుకోవాలి.

ప్రాణం సంగతి ఒకటి. ఖాళీగా ఉన్నప్పుడు ఈ బండి బరువు వెనక ఉంటుంది, నిండాక ముందుకు వస్తుంది. ఏటిగట్టు ర్యాంపు ఎక్కేటప్పుడు బరువైన వైపు ఎప్పుడూ ఎగువకు ఉండాలి. అంటే ఖాళీగా ఉంటే వెనక్కు తోలుతూ ఎక్కాలి, నిండితే ముందుకు తోలుతూ ఎక్కి వెనక్కు తోలుతూ దిగాలి. ఇది ఎవరూ చెప్పకపోతే తెలిసే విషయం కాదు. మా కుర్రాడు ఖాళీ బండిని ముందుకు తోలుతూ గట్టెక్కుతుంటే ముందు చక్రాలు జానెడు లేచాయి. కింద కాలువ. వాడు బకెట్ నేలకు వదిలేయబట్టి బతికాడు. ఇంకొకటి, చేతులు పైకెత్తి ఉంచి కింద దూరి హోస్ పైపు బిగించడం. చేతులకు అడ్డు పెట్టే ఇనప తాళం ప్రతి బండికీ ఉంటుంది. చాలా చోట్ల అది తుప్పు పట్టి కనిపిస్తుంది, అంటే దాన్ని ఎప్పుడూ వాడలేదన్నమాట. పాత బండి కొనేవాళ్లు ముందు అదీ, సీటు ముందు పడే అడ్డు కడ్డీ పనిచేస్తోందో లేదో చూడండి. ఆ కడ్డీ లేపితే చేతులు కదలకూడదు. కదిలితే ఎవరో దాని వైరు కట్ చేసి పెట్టారని అర్థం. అలాంటి బండి సగం ధరకు వచ్చినా వద్దు. వైర్లు కట్ చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నే అన్నం తిని పనికి వచ్చిన పిల్లాడు సాయంత్రం ఇంటికి వెళ్లాలి కదా.

చివరిగా డబ్బు. నా దగ్గర ప్రతి రోజూ గంటలు రాసుకునే పుస్తకం ఉంది. మొదటి ఏడాది బండి తిరిగింది 410 గంటలు, అందులో 300 సంక్రాంతి నుంచి కాలువలకు నీళ్లు వదిలే దాకానే. గంటకు 1,000 చొప్పున ఏడాదికి 4,10,000 వచ్చింది. వాయిదా నెలకు 46,000, అంటే ఏడాదికి 5,52,000. డీజిలు, కుర్రాడి జీతం దీనికి అదనం. ఆ లోటు జేసీబీ, ట్రాక్టర్లు పూడ్చాయి. ఆ రెండూ లేని కుర్రాడికి ఎవరు పూడుస్తారు? అందుకే ముందు ఒక సీజను బండి బాడుగకు తీసుకుని తోలండి, ఎన్ని గంటల పని దొరుకుతుందో రాసుకోండి. కొంతమందికి ట్రాక్టరు ముందు లోడరు బిగించుకుంటే సరిపోతుంది. నా దగ్గర పనిచేసిన అబ్బాయికి అదే చెప్పాను. అతను ముందు చిన్నబుచ్చుకున్నాడు కానీ, పుస్తకం ముందు పెట్టి లెక్క చూపించాక ఒప్పుకున్నాడు.

బండ్లు అమ్మేవాళ్లకు మీ పేపరు ద్వారా నా మనవి ఒకటే. గోదావరి జిల్లాల వాళ్లకు అమ్మేటప్పుడు రోలరు తొక్కించిన యార్డులో కాకుండా మా నేల మీద, వాన పడిన మర్నాడు, తడి బుసకతో చూపించండి. గంట డీజిలు ఖర్చు మేమే పెట్టుకుంటాం. అప్పు ఇచ్చేవాళ్లు బండి కాగితాలతో పాటు ఏ పనికి, ఏ నేల మీద అని కూడా ఒక్క మాట అడగాలి. మన ఐటీఐల్లో ట్రాక్టరు మెకానిక్కు నేర్పుతున్నట్టే ఈ బండి తోలడం, గట్టెక్కడం, చేతుల తాళం వేయడం పది రోజులు నేర్పించినా ఎందరో పిల్లలకు మేలు జరుగుతుంది.

నేను నా పాత బండి ఇచ్చేసి ట్రాకులది తీసుకుందామని చూస్తున్నాను. అమ్మే ఆయన ఫోన్ చేసి ఎప్పుడు వస్తారండీ అని అడిగారు. నేను రానండీ, మీరే బండి తీసుకురండి అన్నాను. ముక్కామల అవతల ఆ పెద్దావిడ ఇంటి వెనక ఇంకో ఆరు సెంట్లు మెరక చేయాల్సింది మిగిలి ఉంది. పక్క చేలో దమ్ము అయిన వారానికి అక్కడ ముప్పావు బకెట్ తడి బుసక ఎత్తుకుని మూలకు తిరిగి రావాలి. వస్తే ఆ గట్టు మీదే అడ్వాన్సు ఇస్తానని చెప్పాను. చూడాలనుకున్న కుర్రాళ్లు ఎవరైనా రావచ్చు, ముందే కబురు పెడతాను.

ఇట్లు,
ఒక మెరక పనుల కాంట్రాక్టరు,
అంబాజీపేట మండలం, కోనసీమ.